13 ఏళ్లలో నాలుగు రకాల షుగర్ మాత్రలు: ఏది ఎంత భద్రంగా అనిపించింది

నాకు టైప్ 2 షుగర్ ఉందని తెలిసి 13 ఏళ్లయింది. ఈలోగా నాలుగు రకాల మాత్రలు వాడాను. షుగర్ ఎంత తగ్గిందో రిపోర్టు చూస్తే తెలిసిపోతుంది. ఏ మాత్రతో ఎంత ధైర్యంగా ఉండగలిగానో ఎవరూ అడగలేదు, అందుకే రాస్తున్నాను.

మొదట మెట్‌ఫార్మిన్. మూడు వారాలు కడుపులో తిప్పడం, విరేచనాలు. నెమ్మదిగా కరిగే ఎస్‌ఆర్ రకానికి మార్చి, భోజనంతో వేసుకోమన్నాక సర్దుకుంది. ఇదొక్కటే వాడితే లో షుగర్ రావడం చాలా అరుదు. ఏడో ఏట అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. షుగర్ వల్లే అనుకుని నెలలు గడిపాను. పరీక్ష చేయిస్తే విటమిన్ బీ12 బాగా తక్కువగా ఉంది. ఈ మందు ఏళ్ల తరబడి వాడేవాళ్లు ఆ పరీక్ష అడిగి చేయించుకోండి. కిడ్నీలు పాడవుతాయనే భయంతో దీన్ని మానేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఇది కిడ్నీలను పాడు చేయదు. అవి అప్పటికే బాగా దెబ్బతిని ఉంటే మందు ఒంట్లో పేరుకుంటుంది, అందుకే కిడ్నీల పనితీరు చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అనే రక్తపరీక్ష అంకె 30 కన్నా తగ్గితే ఆపేస్తారు.

నన్ను నిజంగా భయపెట్టింది గ్లిమిపిరైడ్. షుగర్ మాత్రం ఇట్టే దిగింది. ఒకరోజు పనిలో పడి మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది. చేతులు వణికాయి, చొక్కా చెమటతో తడిసిపోయింది, ఇంట్లోవాళ్లు పిలుస్తుంటే మాట తడబడింది. మీటర్‌లో 48. 15 గ్రాముల గ్లూకోజ్ తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ చూశారు. మనం తిన్నా తినకపోయినా ఈ మాత్ర క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది, చిక్కంతా అక్కడే. ఆ తర్వాత నెలల తరబడి ఒంటరిగా బయటికి వెళ్లాలంటే టెన్షన్. మూడు కిలోల బరువు కూడా పెరిగాను. అలాగని దాని మీద లేని నింద వేయను. 6 వేల మందికి పైగా పాల్గొన్న కారోలినా అధ్యయనం 2019లో వెలువడింది. గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పుల్లో దీనికీ, లినాగ్లిప్టిన్ అనే మరో షుగర్ మాత్రకూ తేడా కనబడలేదు. లో షుగర్ మాత్రం దీనితోనే చాలా ఎక్కువ. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఇది రాస్తే, వేరే మందు కుదురుతుందేమో ఒక్కసారి అడగండి.

తర్వాత లినాగ్లిప్టిన్‌కు మారాను. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. కిడ్నీ పనితీరు తగ్గినా డోసు మార్చక్కర్లేదు. అరుదుగా క్లోమం వాపు రావచ్చు కాబట్టి, కడుపులో తీవ్రమైన నొప్పి వస్తే వెంటనే చూపించుకోవాలి.

ఇప్పుడు మెట్‌ఫార్మిన్‌తో పాటు ఎంపాగ్లిఫ్లోజిన్. గుండెకూ కిడ్నీలకూ మేలు చేస్తుందని ఇచ్చారు. ఇది షుగర్‌ను మూత్రంలో పంపేస్తుంది, అందువల్ల జననాంగాల దగ్గర ఫంగస్, దురద రెండుసార్లు వచ్చాయి. సిగ్గుపడి మొదటిసారి పది రోజులు దాచుకున్నాను, అలా చేయకుండా ఉండాల్సింది. అంతకన్నా పెద్ద ప్రమాదం కీటోయాసిడోసిస్, అంటే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు ప్రమాదకరంగా పేరుకుపోవడం. అరుదే, కానీ మీటర్‌లో షుగర్ మరీ ఎక్కువగా లేకపోయినా రావచ్చు. పోయినేడు జ్వరం, వాంతులతో ఏమీ తినలేకపోయినప్పుడు డాక్టర్‌కు ఫోన్ చేస్తే, ముందు ఈ మాత్ర ఆపమన్నారు.

వచ్చే నెల హెర్నియా ఆపరేషన్ ఉంది. వాడే మందులన్నీ రాసి మత్తు డాక్టర్‌కు ఇచ్చాను. ఎంపాగ్లిఫ్లోజిన్ పేరు కింద గీత గీసి, 3 రోజుల ముందే ఆపేయాలని తేదీ వేసి ఇచ్చారు.