గురక మనిషికి ఫ్లూ పట్టుకుంటే: ఆక్సిజన్ గొట్టమా, సీప్యాప్ మాస్కా?

డిసెంబరు చలిలో బాపుకు ఫ్లూ పట్టుకుంది. మూడో రోజుకు ఆయాసం మొదలైంది. దేవరకొండ నుంచి నల్లగొండ తీసుకొచ్చి ఓ ఆసుపత్రిలో చేర్చాం. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టగానే, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే వేలి మీటరులో 95 కనిపించింది. గండం గడిచిందనుకున్నాం.

బాపుకు ఆరేళ్లుగా స్లీప్ ఏప్నియా ఉంది. నిద్రలో గొంతు దారి మూసుకుపోయి, ఊపిరి ఆగి, మళ్లీ ఉలిక్కిపడి అందుకునే జబ్బు. దానికి వాడే, మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ మిషను ఇంట్లో మంచం పక్కన స్టూలు మీదే ఉండిపోయింది. "ఆసుపత్రిలో ఆక్సిజనే పెడతారు, ఇక ఇదెందుకు?" అన్నది నేనే. ఆ మాట ఎంత తప్పో ఆ రాత్రి తెలిసింది.

పన్నెండున్నరకు బాపుకు గాఢనిద్ర పట్టింది. గురక పెద్దదై, ఒక్కసారిగా ఆగింది. ఛాతీ కదులుతోంది, పొట్ట ఎగురుతోంది, ముక్కు దగ్గర వేలు పెడితే మాత్రం గాలి లేదు. ఫోనులో సెకన్లు లెక్కపెట్టాను: ఇరవై ఐదు. మానిటరులో 94 మెల్లగా దిగి 82 అయింది. పెద్ద శబ్దంతో ఊపిరి అందుకున్నారు, అంకె మళ్లీ పైకి లేచింది. నిమిషం తిరగకముందే అదే తంతు. సిస్టర్ వచ్చి ఆక్సిజన్ రెండు లీటర్ల నుంచి ఐదుకు పెంచారు. అలారం మోగడం తగ్గింది, అంకె 88 కంటే కిందికి రాలేదు. కానీ ఊపిరి ఆగే సమయం నలభై సెకన్లకు పెరిగింది. తెల్లారేసరికి బాపుకు తల పగిలిపోయేంత నొప్పి. పేరు అడిగితే ఓ క్షణం ఆలోచించి చెప్పారు.

సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. పైనుంచి ఎంత నీళ్లు వదిలినా పిల్లకాలువ తూము మూసుకుపోతే మడి తడవదు. ఆక్సిజన్ గొట్టం నీళ్లు పెంచుతుంది, తూము తెరవదు. సీప్యాప్ చేసేది ఆ తూము తెరిచే పనే. మాస్కు ద్వారా గాలిని ఒకే ఒత్తిడితో పంపి, గొంతు గోడలు ఒకదానికొకటి అంటుకోకుండా నిలబెడుతుంది. 1981లో సిడ్నీలో కోలిన్ సలివాన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు దీన్ని తొలిసారి ప్రచురించారు. సూత్రం ఇప్పటికీ అదే.

అలాగని ఆక్సిజన్‌ను తీసిపారేయలేం. న్యుమోనియాతో ఊపిరితిత్తుల్లో నీరు, వాపు చేరితే గొంతు ఎంత తెరిచి ఉన్నా రక్తానికి అందేది తక్కువే. ఆక్సిజన్ అక్కడ ప్రాణం నిలబెడుతుంది. చిక్కంతా అది ఒక్కటే పెట్టి పడుకోబెట్టడంలో ఉంది. గొట్టం పెట్టిన మనిషిలో నిల్వ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఊపిరి ఆగినా అంకె ఆలస్యంగా పడుతుంది, మెలకువా ఆలస్యంగానే వస్తుంది. ఈలోగా బయటికి పోవలసిన కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుంటుంది. మీటరు దాన్ని చూపదు. పొద్దున తలనొప్పి, మత్తు, తికమక మాటలే దాని గుర్తులు. అందుకే బాగా లావుగా ఉండి కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయే ముప్పున్నవారికి బ్రిటన్ ఛాతీ వైద్యుల మార్గదర్శకాలు ఆక్సిజన్ లక్ష్యాన్ని 88 నుంచి 92 శాతం దగ్గరే ఆపమంటాయి. మిగతావారికి అది 94 నుంచి 98. అంకె వంద చూపిస్తే సంబరపడే మనబోటి వాళ్లకు ఇది వింతగానే ఉంటుంది.

మరి వైరస్ పట్టుకున్న ఊపిరితిత్తులకు సీప్యాప్ పనికొస్తుందా? కోవిడ్ కాలంలో బ్రిటన్‌లో ఇదే ప్రశ్నతో రికవరీ ఆర్‌ఎస్ అనే పెద్ద పరీక్ష జరిగింది. మామూలు ఆక్సిజన్ పెట్టినవారిలో 44.4 శాతం మందికి నెల రోజుల్లో గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాల్సి రావడమో, మరణమో సంభవించింది. సీప్యాప్ వాడినవారిలో అది 36.3 శాతం. ముక్కు ద్వారా వేడి, తేమ కలిపి ధారాళంగా పంపే హై ఫ్లో ఆక్సిజన్ మాత్రం మామూలు దానికంటే మెరుగని తేలలేదు. ఇది ఏప్నియా రోగుల మీద చేసిన పరీక్ష కాదు కాబట్టి యథాతథంగా మనకు అంటగట్టుకోకూడదు. అయినా త్రాసు ఎటు వంగుతుందో తెలుస్తూనే ఉంది.

ఏప్నియా ఉన్నవారికి వైరస్ వస్తే ఏమవుతుందన్నది మరో సంగతి. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, నిద్రలో శ్వాస ఇబ్బంది ఉన్నవారికి కోవిడ్ సోకే అవకాశం ఎక్కువేమీ లేదు. కానీ నిద్రలో ఆక్సిజన్ పడిపోయేవారు సోకాక ఆసుపత్రి పాలవడం, చనిపోవడం 31 శాతం ఎక్కువగా కనిపించింది. అంటే గురక వైరస్‌ను పిలవదు, వచ్చినదాన్ని ముదరనిస్తుంది.

హై ఫ్లోకు తన మంచితనం తనకుంది. నిమిషానికి అరవై లీటర్ల దాకా పంపుతుంది, నోరు ఖాళీగా ఉంటుంది, మాట్లాడవచ్చు, జావ తాగవచ్చు. అయితే గొంతులో అది నిలబెట్టే ఒత్తిడి స్వల్పం, నోరు తెరిస్తే అదీ పోతుంది. తీవ్రమైన ఏప్నియా ఉన్నవారికి పగలు హై ఫ్లో, రాత్రి మాస్కు అనే పద్ధతి నాకు సబబుగా తోస్తుంది. బైప్యాప్ సీప్యాప్‌కు అన్నలాంటిది. ఊపిరి తీసేటప్పుడు ఎక్కువ ఒత్తిడి, వదిలేటప్పుడు తక్కువ ఇస్తుంది. కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నవారికి అదే మేలు. అలా పేరుకుందో లేదో తేల్చేది మణికట్టు ధమని నుంచి తీసే రక్తపరీక్ష. మొహమాటపడకుండా ఆ పరీక్ష అడగండి.

బాపు సంగతిలో ఆ రక్తపరీక్ష జరిగింది మా అమ్మ వల్ల. నేను చేర్పించేటప్పుడు జ్వరం, దగ్గు, షుగరు అన్నీ చెప్పి గురక మాట మరిచాను. పొద్దున రౌండుకు వచ్చిన డాక్టరుతో అమ్మ, "సార్, ఆయన నిద్రలో ఊపిరి ఆపేస్తారు, ఇంట్లో మిషను ఉంది" అంది. ఆయన వెంటనే కేసు షీటు తిరగేసి రాసుకున్నారు. కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరిగింది గాని రక్తంలో ఆమ్లగుణం మారలేదు. "ఈ రాత్రి మీ మిషనే పెట్టి చూద్దాం. తగ్గకపోతే ఐసీయూలో బైప్యాప్" అన్నారు.

చాలా ఇళ్లలో ఏప్నియా ఉందో లేదో తేల్చే పరీక్షే జరిగి ఉండదు కాబట్టి మిషనూ ఉండదు. మెడ చుట్టుకొలత నలభై సెంటీమీటర్లు దాటడం, బీపీ, పగలు కునుకు, పక్క గదికి వినిపించే గురక, ఊపిరి ఆగడం ఇంట్లోవాళ్లు చూడటం, ఇవి ఉంటే ఏప్నియాను అనుమానించాల్సిందే. పక్కన పడుకునే మనిషి సాక్ష్యానికి మించిన పరికరం వార్డులో దొరకదు.

సొంత మిషనా, ఆసుపత్రిదా? వార్డులో ఉన్నంతవరకు సొంతదే మేలంటాను. మాస్కు ముఖానికి అలవాటైంది, ఒత్తిడి ముందే సరిచూసి పెట్టింది. ఐసీయూకు మారిస్తే ఆసుపత్రిదే, ఎందుకంటే ఇంటి మిషనుకు ప్రమాదం చెప్పే అలారాలు సరిగా ఉండవు. ఏ మిషనైనా ఒక నియమం తప్పదు: వాంతులు అవుతున్నా, మత్తులో ఉండి మాస్కు తానే తీసుకోలేకపోయినా పెట్టకూడదు. ఇంకొక అభ్యంతరం కూడా న్యాయమైనదే. మాస్కు అంచుల నుంచి, గాలి పోయే రంధ్రాల నుంచి వైరస్ తుంపరలు గదిలోకి వెళతాయి. కాబట్టి వేరే గది, తెరిచిన కిటికీ, లోపలికొచ్చేవారికి మంచి మాస్కు కావాలి. ఇంట్లోనూ ఇదే పద్ధతి. మిషను గాలికి తేమ కలిపే డబ్బాలో మాత్రం మర్రిగూడ వైపు బోరు నీళ్లు పోస్తే వారానికే తెల్లని పెచ్చు కడుతుంది. డిస్టిల్డ్ వాటర్ దొరక్కపోతే డబ్బా ఖాళీగా ఉంచి నడపడమే నయం, కాస్త గొంతు ఎండుతుంది, అంతే.

ఇంట్లోనే ఉండి చూడటమా, చేరడమా అన్నదానికి నా లెక్క సూటిగా ఉంది. జ్వరం, ఒళ్లునొప్పులు, మెలకువగా ఉన్నప్పుడు 95 పైన ఉంటే ఇంట్లోనే, కానీ పడుకున్న ప్రతిసారీ సీప్యాప్‌తో, వీలైతే పక్కకు తిరిగి. 94 కంటే తగ్గితే డాక్టరు దగ్గరికి. 90కి దగ్గరపడినా, కూర్చుని ఉండగానే ఆయాసపడుతున్నా, మాట తడబడినా 108కి ఫోను. పగలు ఓసారి చూసిన 96 రాత్రి సంగతి చెప్పదు. నిద్రపోయాక కూడా పావుగంట మీటరు తగిలించి చూడాలి. ఫ్లూ అని అనుమానం రాగానే డాక్టరును అడగాల్సింది ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు గురించి. మొదటి 48 గంటల్లో దాని పనితనం ఎక్కువ. నిద్రమాత్ర, కోడీన్ ఉన్న దగ్గు మందు, "చలికి ఒక పెగ్గు" ఈ మూడూ గొంతు కండరాలనో ఊపిరి వేగాన్నో సడలిస్తాయి.

హైదరాబాదుకు పరిగెత్తడమా అని బంధువులంతా అడిగారు. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్ల దారి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. ఊరి పేరు కాదు, రాత్రి డ్యూటీలో బైప్యాప్ పెట్టి చూసుకునే మనిషి ఉన్నారా అన్నదే అడగాలి. ఉంటే కదలొద్దు. లేకపోతే పట్టపగలే కదలండి.

తమ్ముడు దేవరకొండలో మొదటి బస్సు పట్టుకుని మిషను తెచ్చాడు. ఒత్తిడి పది. మాస్కు పట్టీలు అమ్మే బిగించింది. తీరా ఆక్సిజన్‌ను మిషను గొట్టానికి కలిపే చిన్న ప్లాస్టిక్ ముక్క మా దగ్గర లేదు. సిస్టర్ స్టోరులో వెతికి, పై అంతస్తులో అడిగి, గంట తర్వాత ఒకటి తెచ్చారు. ఆ రాత్రి మానిటరులో 93 నుంచి 95 మధ్యే కదిలింది, పొద్దున బాపు తలనొప్పి లేదన్నారు. నాలుగో రోజు ఇంటికి వచ్చాక నేను చేసిన మొదటి పని అలాంటి ముక్క ఒకటి కొని మిషను సంచి పక్క జేబులో వేయడం.