ఆరేళ్ల వాడకం తర్వాత: మా పెరటి ఈత కొలను, దాని హీట్ పంప్, ముందే కొనాల్సిన కవర్

మా పెరట్లో ఈత కొలను కట్టించి ఆరేళ్లు దాటింది. చలి బాగా ముదిరే రెండు మూడు నెలలు మినహా ఏడాది పొడవునా ఇంట్లో ఎవరో ఒకరు రోజూ దానిలో దిగుతూనే ఉన్నారు. కొలను కట్టించుకోదలచినవారు మమ్మల్ని తరచుగా అడిగేది ఏ హీటర్ కొనాలని. వేడి ఎటు పోతోందో, దాన్ని ఎలా ఆపాలో ముందు తేల్చుకుని ఆ తర్వాత హీటర్ సంగతి చూడమని చెబుతాను. మేము ఈ వరుస తలకిందులు చేసి, దాని ఫలితాన్ని రెండేళ్లపాటు కరెంటు బిల్లులో అనుభవించాము.

కొలను పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 1.4 మీటర్లు. దాదాపు 45,000 లీటర్ల నీరు పడుతుంది. తవ్వుతున్నప్పుడు మీటరున్నర దగ్గరే తడి మట్టి తగలడంతో, అడుగున కంకర పరిపించి, కింది నీటి ఒత్తిడిని వదిలించే వాల్వ్ పెట్టించాము. భూగర్భ జలం పైకి వచ్చిన రోజుల్లో కొలనును ఖాళీ చేస్తే, అది ఫైబర్‌గ్లాస్ తొట్టి అయినా కాంక్రీటుది అయినా పడవలా పైకి లేచే ప్రమాదం ఉంది. మాది కాంక్రీటు కొలను. 28 రోజులు ఆగి ప్లాస్టరింగ్ చేయించాము, ఇంతవరకు పగులు రాలేదు. కట్టడం గురించి ఇంతకు మించి చెప్పడానికి ఫిర్యాదులేమీ లేవు, ఒక్కటి తప్ప. ఒక చివర అందంగా ఉంటుందని అర్ధచంద్రాకారపు మెట్లు పెట్టించి, రెండో చివర గట్టును ఆనుకుని పూలమడి వేయించాము. వేడి పోకుండా నీటి మీద పరిచే కవర్‌ను చుట్టే రోలర్ ఎక్కడ నిలబెట్టాలో ఆనాడు ఎవరికీ తట్టలేదు.

ఇక వేడి లెక్క. వెయ్యి లీటర్ల నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ పెంచడానికి 1.16 యూనిట్ల శక్తి కావాలి, కాబట్టి మా కొలనుకు డిగ్రీకి దాదాపు 52 యూనిట్లు. 18 డిగ్రీల నీటిని 28కి తేవాలంటే మధ్యలో ఏమీ నష్టపోకపోయినా 520 యూనిట్లు. మామూలు కరెంటు కాయిల్ హీటర్ ఇదంతా మీటరు మీదే వేస్తుంది కనుక దాన్ని మొదటి రోజే పక్కన పెట్టాము. సోలార్ ప్యానెళ్ల మీద మాకు మనసుండేది. కొలనుకు గాజు మూత లేని నల్లని ప్లాస్టిక్ ప్యానెళ్లు సరిపోతాయి, నడిపే ఖర్చు నీటిని తిప్పే పంపుకే. అయితే వాటి వైశాల్యం కొలను ఉపరితలంలో కనీసం సగమైనా ఉండాలంటారు. ఎండ బాగా పడే వైపు మా కప్పు మీద అంత చోటు లేదు.

గ్యాస్ హీటర్ మా తమ్ముడి ఇంట్లో ఉంది. వాళ్లు వారాంతాల్లో మాత్రమే ఈదుతారు, శుక్రవారం సాయంత్రం వెలిగిస్తే శనివారం ఉదయానికి నీరు సిద్ధం. అలాంటి వాడకానికి దాన్ని మించినది లేదని ఇప్పటికీ అంటాను. వాళ్ల ఇబ్బంది వేరే చోట వచ్చింది: క్లోరిన్ బిళ్లలను స్కిమ్మర్ (నీటి మీద తేలే చెత్తను లాగే అమరిక) బుట్టలో వేసే అలవాటు వల్ల ఆమ్లగుణం పెరిగిన నీరు నేరుగా హీటర్‌లోకి వెళ్లి, లోపలి రాగి గొట్టాలను తినేసింది. తెల్లని ప్లాస్టర్ మీద నీలి మరకలు కనిపించేదాకా వాళ్లకు సంగతి తెలియలేదు.

మేము రోజూ ఈదేవాళ్లం కనుక హీట్ పంప్ తీసుకున్నాము. ఇది వేడిని పుట్టించదు, బయటి గాలిలోని వేడిని లాగి నీటికి అందిస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుకు నాలుగైదు యూనిట్ల వేడి ఇవ్వగలుగుతుంది. వేడిని నీటికి మార్చే గొట్టం టైటానియంది కావడంతో ఆరేళ్లలో తుప్పు ఊసే లేదు. కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేసిన సామర్థ్యం మాత్రం 27 డిగ్రీల గాలికి, 80 శాతం తేమకు సంబంధించినది. అంత వెచ్చని రోజున హీటర్ అవసరం ఎవరికి ఉంటుందో నాకు అర్థం కాదు. కొనేవారు చల్లని గాలికి ఇచ్చిన అంకెను వెతికి చూసుకోవాలి. మొదటిసారి 18 నుంచి 28కి చేరడానికి మాకు రెండు రోజులు పట్టింది.

బిగించినవారు చేసిన పొరపాటు వల్ల తొలి చలికాలం వృథా అయింది. శబ్దం వినపడకూడదని యంత్రాన్ని ప్రహరీ మూలన, ఫ్యాన్ గోడ వైపు ఉండేలా పెట్టి వెళ్లారు. ఫ్యాన్ వదిలే గాలి బయటి గాలికంటే చల్లగా ఉంటుంది. అది గోడకు తగిలి వెనక్కి తిరిగి మళ్లీ యంత్రంలోకే పోయేది. ఒక ఉదయం చూస్తే వెనక రేకుల మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. చివరికి మేమే వేరే మనిషిని పిలిచి, దాన్ని తిప్పించి, ఎదుట మూడు మీటర్ల ఖాళీ వదిలించాము. ఆ తర్వాత ఆ స్థాయిలో మంచు పట్టలేదు. మరోసారి యంత్రం కింద మడుగు కట్టిందని కంగారుపడి, ఆ నీటిలో క్లోరిన్ పరీక్షించే పట్టీ ముంచాను. రంగు మారలేదు, అంటే అది కొలను నీరు కాదు. గాలిలోని తేమే చల్లని రేకుల మీద నీరై కారుతోందన్నమాట. కరెంటు ఆదా అవుతుందని పంపు వేగం మరీ తగ్గించినప్పుడు మాత్రం నీటి ప్రవాహం చాలక హీట్ పంప్ దానంతటదే ఆగిపోయేది. దాని కనీస ప్రవాహానికి కాస్త పైన పంపును నిలిపితే ఆ చికాకు తీరింది.

ఇంత చేసినా రాత్రికి రెండు డిగ్రీలు పడిపోయేవి. గాలి వీచిన రాత్రి మరీను. ఆరుబయటి కొలను వేడిలో పెద్ద వాటా ఆవిరి రూపంలోనే పోతుంది. ఒక్క లీటరు ఆవిరైతే పోయే వేడి, సుమారు 580 లీటర్ల నీటిని ఒక డిగ్రీ పెంచడానికి సరిపోతుంది. మా కొలనులో నీటిమట్టం 5 మిల్లీమీటర్లు తగ్గిందంటే 160 లీటర్లు పోయినట్టు, అంటే ఆ రెండు డిగ్రీలూ అక్కడే పోయినట్టు. కవర్ మా దగ్గర లేక కాదు, రోలర్ లేక చేతులతో లాగాల్సి రావడం వల్ల వాడేవాళ్లం కాదు. మెట్ల వంపు కోసం రెండు ముక్కలుగా కోసిన ఆ బుడగల షీటును తడిగా ఉన్నప్పుడు పరచడానికి ఇద్దరు కావాలి, అలసిన రోజున ఒక్కరూ కదిలేవారు కాదు.

మూడో ఏడు పూలమడి తీయించి, అక్కడ రోలర్ పెట్టించాము. ఇప్పుడు ఒక్కరే రెండు నిమిషాల్లో కప్పేస్తారు, ఉదయానికి తేడా అర డిగ్రీకి మించదు. అదే యంత్రం, అదే 28 డిగ్రీలు, హీట్ పంప్ నడిచే గంటలు మాత్రం సగానికి తగ్గాయి. పిల్లలున్న ఇంట్లో ఒక జాగ్రత్త: ఈ కవర్ మనిషి బరువు ఆపదు, పైగా కింద పడినవారిని కనబడనివ్వదు. ఈదేటప్పుడు సగం కప్పి ఉంచకుండా పూర్తిగా తీసేయాలి, కొలను చుట్టూ నాలుగు వైపులా కంచె, దానంతటదే మూసుకునే గేటు ఉండాల్సిందే.

కవర్ శాశ్వతం కాదు. ఎండకు, క్లోరిన్‌కు బుడగలు పెళుసుబారతాయి. ఇప్పుడు వాడుతున్నది మూడోది. పోయిన వారం స్కిమ్మర్ బుట్ట దులిపితే ఆకుల మధ్య కవర్ నుంచి ఊడిన గోరంత నీలి పొరలు కనిపించాయి, కాబట్టి చలి మొదలయ్యేలోపు నాలుగోది తెప్పించాలి.