పుట్టి మునిగిందా, అడుగంటిందా: ఏది మేలు?

నేను పుట్టింది కోవూరు పక్కన, మెట్టింది కనిగిరి దగ్గర. గుండె జారిపోయినప్పుడు అనే మాట ఒకటి, పుట్టి మునగడం, అక్కడ అలవాటైంది; ఇంకొకటి, అడుగంటడం, ఇక్కడ.

పుట్టి అంటే తట్టలా అల్లిన గుండ్రటి పడవ. ఏటి నడుమ అది మునిగితే పట్టుకోవడానికేమీ మిగలదు. అయితే మా నెల్లూరు వైపు వడ్లు కొలిచే పుట్టి కూడా ఉంది. పాత లెక్కలో ఇరవై తూములు, ఇప్పటి బేరాల్లో 850 కిలోలు. అందుకే ఆ మాట వింటే నాకు పడవ కన్నా ముందు ధాన్యమే కళ్లలో మెదులుతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది. మా ఇంట్లో దాచుకున్న వడ్లు తడిసి మొలకలెత్తాయి. అమ్మ ఏడుస్తుంటే మా నాయన, "ఊరుకోమే, ఇప్పుడేం పుట్టి మునగలేదు" అన్నాడు. గమనించండి, ఈ మాట ఎక్కువగా వినబడేది కాదనడానికే. "ఏం పుట్టి మునిగిందని?" అంటాం. నిజంగా మునిగినవాళ్ల నోట నేనెప్పుడూ వినలేదు.

నిరాశకు వేరే మాటలూ ఉన్నాయి. 'చేతులెత్తేశారు' అనేది డాక్టర్ల గురించి, అప్పు తీర్చలేని వాళ్ల గురించి చెప్పే మాట. 'ఆశలు ఆవిరి' పేపర్లో హెడ్డింగు, ఇంట్లో ఎవరూ అనరు.

అడుగంటడం అలా కాదు. బావిలో చేద వేస్తే నీళ్ల చప్పుడు పోయి రాయి తగిలిన చప్పుడు రావడం అది. ఒక్కరోజులో జరగదు, చేదకు చేద తగ్గుతూ వస్తుంది. పొయ్యి మీద అన్నం మాడినా అడుగంటిందనే అంటాం. రెండింట్లోనూ పైకి ఏమీ తెలియదు, తెలిసేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. లోతైన నిరాశకు ఇంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు. ఓదార్చాలంటే పుట్టి మాటే మేలు. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలంటే మాత్రం ఇదే.

ఒకదానికి ఇంకొకటి బదులు కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. మూడో బోరూ ఎండిపోయిన ఏడు మా అత్తమ్మ, "ఆశ అడుగంటిందమ్మా" అంది. "పుట్టేం మునగలేదులే అత్తమ్మా" అన్నాను, మా నాయన గొంతుతో. ఆమె నావైపు ఒకసారి చూసి, బిందె చంకనెత్తుకుని ట్యాంకరు కాడికి పోయింది.