ఎంగిలి గోల్ పీడ విరగడైందా? ఎఫ్‌సీ 26తో కొన్ని నెలలు

ఎఫ్‌సీ 26 అనే ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, ఎన్ని టీములున్నాయి, కెరీర్ మోడ్‌లో కొత్తగా ఏం పెట్టారు అన్నవి ఇక్కడ రాయట్లేదు. ట్రైలర్ చూసినవాళ్లందరికీ అవి తెలుసు. నేను చెప్పదలచుకున్నది గోల్‌కీపర్ గురించి. అదీ, షాట్ ఆపాక బంతిని ఎటు తోస్తాడన్న ఒక్క విషయం గురించి.

ఈ సిరీస్‌ని ఫిఫా పేరున్న రోజుల నుంచీ ఆడుతున్నవాళ్లకి ఆ బాధ విప్పి చెప్పక్కర్లేదు. డిఫెండర్‌ని సరిగ్గా నిలబెడతాం, షాట్ కోణం మూసేస్తాం, కీపర్ కూడా గాల్లోకి లేచి మరీ ఆపుతాడు. ఆపిన బంతిని మాత్రం తెచ్చి అవతలి స్ట్రైకర్ కాళ్ల ముందు విస్తట్లో వడ్డించినట్టు పెడతాడు. వాడు ఖాళీ గోల్‌లోకి మెల్లగా తోసేస్తాడు. మా ఇంట్లో దీనికి ‘ఎంగిలి గోల్’ అని పేరు పెట్టుకున్నాం. మనం తప్పు చేసి గోల్ ఇచ్చుకుంటే ఏడుపు రాదు. అన్నీ సరిగ్గా చేసి ఇచ్చుకుంటేనే కంట్రోలర్ గోడకేసి కొట్టాలనిపిస్తుంది.

మా బావమరిది బతుకంతా ఈ ఎంగిలి గోల్స్ మీదే. ఆదివారం వస్తే చాలు, అక్కని చూడ్డానికని ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం వచ్చేస్తాడు. అక్కతో రెండు మాటలు, నాతో సాయంత్రం దాకా ఆట. వాడి పద్ధతి ఒకటే. ఎక్కడి నుంచి వీలైతే అక్కడి నుంచి కొట్టడం, ఇంకొకణ్ని పెనాల్టీ స్పాట్ దగ్గర కాపలా పెట్టడం. పాస్‌లు లేవు, ప్లాన్ లేదు. గెలిచేవాడు మాత్రం వాడే.

సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలు. కనుమ రోజు భోజనాలయ్యాక ఇద్దరం కూర్చున్నాం. నాది లివర్‌పూల్, వాడిది మాంచెస్టర్ సిటీ. ఈ గేమ్‌లో అథెంటిక్, కాంపిటిటివ్ అని ఆట రెండు రకాలు. అప్పటిదాకా మేం ఇద్దరం ఆడినప్పుడల్లా అథెంటిక్‌లోనే ఆడేవాళ్లం. ఆ రోజు వాడే కాంపిటిటివ్ పెట్టమన్నాడు, అందులో పరుగులు చురుగ్గా ఉంటాయని. రెండో సగంలో నేను ఒక గోల్ ముందున్నాను. అప్పుడు వాడు తన స్ట్రైకర్ హాలండ్‌తో, గోల్ ముందుండే డి గీత బయటి నుంచి గట్టిగా కొట్టాడు. నా కీపర్ అలిసన్ కుడివైపు పడుకుని చేతులు పెట్టాడు. నేను అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నంత పనైంది. తీరా చూస్తే బంతి మధ్యలోకి రాలేదు. పక్కకి, దాదాపు కార్నర్ జెండా వైపు దొర్లిపోయింది. పెనాల్టీ స్పాట్ దగ్గర కాపలా ఉన్నవాడు ఉత్తి కాళ్లతో అక్కడే నిలబడ్డాడు.

“ఏటి బావా, ఆడేటి బంతినలా అటు తోసేశాడు?” అన్నాడు మావాడు.

ఒకసారంటే పోనీ అనుకోవచ్చు. మళ్లీ అదే. దగ్గర నుంచి హెడర్ కొడితే బార్ మీదుగా దాటించాడు. ఇంకో షాట్‌ని ఎడమ పక్కకి తట్టాడు. దాన్ని వాడి వింగర్ అందుకున్నాడు గానీ, అక్కడి నుంచి గోల్‌కి కోణమే లేదు. అప్పటికి నా డిఫెండర్లు సర్దుకున్నారు. మావాడికి అనుమానం వచ్చి ఆట ఆపేశాడు. నేనేదో స్లైడర్లు (ఆట తీరును పెంచి తగ్గించే మీటలు) మార్చి పెట్టానని సెటింగ్స్ అన్నీ తిప్పి తిప్పి చూశాడు. ఏమీ దొరకలేదు. వెనక మంచం మీద పడుకున్న మామయ్య “ఎందుకురా ఆపీసినారు, కరెంటు పోయిందేటి?” అని అడిగితే జవాబు చెప్పే స్థితిలో లేడు. ఆ ఆట నేను 1-0తో గెలిచాను. మా ఇద్దరి మధ్య అంత చిన్న స్కోరు ఎప్పుడు వచ్చిందో నాకు గుర్తు లేదు.

ఈసారి కాంపిటిటివ్, అథెంటిక్ అని ఆటను రెండు రకాలుగా విడదీశారు కదా. ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లకి మొదటిది, ఒంటరిగా ఒక టీమ్‌ని నడిపే కెరీర్ మోడ్ లాంటి వాటికి రెండోది. కాంపిటిటివ్‌లో కీపర్లు బంతిని ప్రమాదం లేని చోటికి తోసేలా మార్చారు. దానికి తోడు కీపర్ ఎక్కడ నిలబడాలన్నది రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో నేర్పించారు. అంటే తప్పొప్పులు చూసుకుంటూ కంప్యూటర్ తనంతట తాను నేర్చుకునే పద్ధతి. ఆ సాంకేతికం ఎలా ఉన్నా, నాకు కనిపించిన ఫలితం మా బావమరిదే. ఆ తర్వాత వచ్చిన ఆదివారాల్లో వాడు పాస్‌లు ఇవ్వడం మొదలుపెట్టాడు. వెనక్కి తిప్పడం, రెండో వైపు మార్చడం, ఓపిక పట్టడం! 2011లో ఫిఫా 12తో టాక్టికల్ డిఫెండింగ్ (బటన్ నొక్కి పట్టుకుంటే చాలదు, సమయం చూసి మనమే బంతి లాక్కోవాలి) వచ్చినప్పుడు నేను ఆడే తీరు మొత్తం మారింది. ఒక్క మార్పుతో మనిషి ఆట అంతగా మారడం మళ్లీ ఇప్పుడే చూశాను.

అలాగని ఎంగిలి గోల్ చచ్చిపోయిందని చెప్పను. బాగా దగ్గర నుంచి బలంగా కొట్టినప్పుడు బంతి ఇప్పటికీ మధ్యలోకి వస్తుంది, ముఖ్యంగా గుంపులో ఎవడి కాలికో తగిలి తిరిగితే. అథెంటిక్‌లో అయితే ఇంకా ఎక్కువ. అక్కడ నిజం ఆటలా ఉండాలని రీబౌండ్లని ఉంచేశారు. ఒంటరిగా కెరీర్ ఆడుకునేటప్పుడు నాకు అదేమంత ఇబ్బంది అనిపించలేదు. ఆట నెమ్మదిగా సాగుతుంది, వాన పడితే బంతి తీరు మారుతుంది, గోల్‌కి విలువ ఉంటుంది. ఎదురుగా బావమరిది కూర్చుని పళ్లికిలిస్తుంటే మాత్రం అది సహజత్వంలా అనిపించదు.

ఇంకో సంగతి. ఎంగిలి గోల్ తగ్గాక దాని చోటులోకి కట్‌బ్యాక్ వచ్చి కూర్చుంది. గీత దాకా పరిగెత్తడం, వెనక్కి కొట్టడం, వచ్చినవాడు నేరుగా తన్నడం. మావాడు నేర్చుకున్న ఆ ఓపిక అంతా చివరికి ఇక్కడికే చేరింది. పోయినేడు ఎఫ్‌సీ 25లో ప్లేయర్ రోల్స్ (ఏ ఆటగాడు మైదానంలో ఎలా కదలాలో చెప్పేవి) చూసి నేను ఊరంతా డప్పు కొట్టాను. అవి ఇప్పటికీ మంచివే. కానీ కొన్నాళ్లయ్యాక అందరూ అవే రోల్స్ పెట్టుకోవడంతో అన్ని టీములూ ఒకేలా పరిగెత్తాయి. కీపర్ సంగతీ అలాగే అవుతుందేమో తెలీదు. పైగా ఈ సిరీస్‌లో ఏడాది పొడవునా అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. నేను జనవరిలో మెచ్చుకున్న కీపరూ మీరు కొన్న రోజున ఆడే కీపరూ ఒకడే కాకపోవచ్చు.

ఆన్‌లైన్ గురించి నన్ను అడగొద్దు. మా వీధిలో రెండు చినుకులు పడితే నెట్ నత్తనడక. నేను బటన్ నొక్కేసరికి అవతలివాడు గోల్ సంబరం చేసుకుంటూ ఉంటాడు. ఆటగాళ్ల కార్డులు పోగేసి టీమ్ కట్టుకునే అల్టిమేట్ టీమ్‌లో డబ్బు పోసేవాళ్ల లెక్క వేరు, ఆ గోల నాకు పట్టదు.

కాబట్టి ఇంట్లో రెండు కంట్రోలర్లు ఉండి, పక్కన కూర్చుని పోట్లాడే మనిషి ఉంటే, పోయినేటి ఆట చేతిలో ఉన్నా ఇది కొనొచ్చు అంటాను. ఒక్కరే కెరీర్ ఆడేవాళ్లు తొందరపడక్కర్లేదు. కొన్ని నెలలకి ధర ఎలాగూ దిగుతుంది, నేనూ ఆఫర్ వచ్చేదాకా ఆగే కొన్నాను. మొత్తం ధర పెట్టి మొదటి రోజే కొని ఉంటే ఇంత మెచ్చుకునేవాణ్నా అంటే, ఏమో, కొంచెం తగ్గించే రాసేవాణ్ని.