పాత మహీంద్రా పికప్‌కి వెనక క్రౌన్ పినియన్ మార్పించాను: షెడ్డు ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా, ఈ షెడ్డుకి బోర్డు లేదు. రావులపాలెం నుంచి అమలాపురం వచ్చే రోడ్డులో కాలవ గట్టు పక్కన రేకుల షెడ్డు, ముందు ఎప్పుడు చూసినా ఒక ట్రాక్టరు సగం విప్పేసి ఉంటుంది. పేరు రాస్తానంటే మేస్త్రీ గారు ఒప్పుకోలేదు. "ఆయ్, ఉన్న బళ్లే తెమలట్లేదండీ, మళ్లీ కొత్తవాళ్లు ఎందుకండీ" అన్నారు. సరే, పేరు వదిలేస్తాను. కానీ అక్కడ పని ఎలా జరిగిందో, ఎక్కడ విసిగించారో మొత్తం రాస్తాను, ఎందుకంటే ఈ పని చేయించుకోబోయేవాళ్లు షెడ్డులో ఏం చూడాలో తెలియక నాలాగే రెండుసార్లు డబ్బు తగలేస్తారు.

బండి నాన్నగారిది. జీపు ముక్కు ఉన్న పాత మహీంద్రా పికప్, ప్యూజో డీజిల్ ఇంజన్, వెనక చక్రాలకి మాత్రమే డ్రైవ్. అంబాజీపేట మార్కెట్‌కి కొబ్బరికాయలు తోలిన బండి, ఇప్పుడు కూడా నెలకి నాలుగైదు లోడ్లు వేస్తాం, మిగతా రోజులు నేను సరదాకి తిప్పుతాను. వెనక యాక్సిల్ డానా 44 రకం, అమెరికా విల్లీస్ జీపుల నుంచి వచ్చిన డిజైనే. ఆ యాక్సిల్ మధ్యలో ఇంజను తిప్పుడుని చక్రాలకి మళ్లించే పెద్ద పళ్ల చక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. మా దాంట్లో క్రౌన్‌కి 43 పళ్లు, పినియన్‌కి 8, అంటే చక్రం ఒకసారి తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ 5.38 సార్లు తిరగాలి. ఈ 5.38నే నిష్పత్తి అంటారు. కొండలెక్కడానికి, బురదలో లాగడానికి బాగుంటుంది గానీ మన కోనసీమలో కొండలేవండీ, ఎక్కేదంతా వంతెనల అప్రోచ్‌లే. హైవే ఎక్కి అరవైలో పోతుంటే ఇంజను నిమిషానికి 2,400 సార్ల దాకా తిరుగుతూ అరుస్తుంది, పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే కేకలెయ్యాలి.

అసలు గొడవ దాంతో మొదలవ్వలేదు, మూలుగుతో మొదలైంది. నలభై దాటితే వెనక నుంచి ఊ అని ఒకటే మూలుగు, యాక్సిలేటర్ వదిలితే తగ్గేది, నొక్కితే మళ్లీ వచ్చేది. నేను చక్రం బేరింగ్ అనుకున్నాను. కాదు. చక్రం బేరింగ్ చప్పుడు యాక్సిలేటర్‌తో సంబంధం లేకుండా బండి వేగంతో పాటు పెరుగుతుంది. నొక్కినప్పుడు ఒకలాగ, వదిలినప్పుడు ఒకలాగ వస్తే క్రౌన్ పినియన్ పళ్లు సరిగ్గా ఆనట్లేదేమో ముందు అది చూడాలి. ఇది నాకు ఈ మేస్త్రీ చెప్పాకే తెలిసింది.

అంతకుముందు ఇంకో చోట (పేరు అనవసరం) ఒక ఘనకార్యం జరిగింది. అక్కడ క్రౌన్ పళ్లు అరిగాయని క్రౌన్ ఒక్కటీ మార్చి, పాత పినియన్‌నే మళ్లీ బిగించి పంపారు. నాకేం తెలుసు, చప్పుడు వారం రోజులు లేదు, సంతోషించాను. ఆరు నెలలకి మొదటికన్నా ఎక్కువైంది. ఈ రెండూ ఫ్యాక్టరీలో కలిపి అరగదీసి, ఒకే నంబరు కొట్టి, జతగా అమ్ముతారు. ఒకటి మార్చి ఇంకోటి ఉంచితే కొత్తది కూడా పాతదాన్నిబట్టి పాడవుతుంది. మా మేస్త్రీ గారు యాక్సిల్ హౌసింగ్ వెనక మూత తీసి, టార్చి వేసి చూసి, రెండు నంబర్లూ నా చేత చదివించారు. కలవలేదు. ఆయన ఏమీ అనలేదు, బీడీ వెలిగించుకున్నారు, అంతే.

మూత తీసినప్పుడు ఇంకోటి బయటపడింది. ఆయిల్ నల్లగా రావాలి కదా, పాలు ఎక్కువైన టీలా వచ్చింది. నీళ్లు. వరదల్లో లంకలోకి వెళ్లే కాజ్‌వే మీద నీళ్లలోంచి కాయ తెచ్చాం, అది గుర్తొచ్చింది. బండి నడిచి నడిచి యాక్సిల్ వేడెక్కి ఉంటుంది, ఒక్కసారి చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని బయటి నీళ్లని లోపలికి పీలుస్తుంది. యాక్సిల్ మీదుండే గాలి రంధ్రం మట్టితో మూసుకుపోతే సీలు పక్కనుంచి పీలుస్తుంది. డెల్టాలో పాత బండి ఉన్న ప్రతివాళ్లూ వర్షాకాలం అయ్యాక ఆ ఆయిల్ ఒకసారి వదిలి చూసుకోవాలి, ఖర్చు లీటరున్నర ఆయిల్ కూడా ఉండదు. ఈయన ఆ గాలి రంధ్రానికి రబ్బరు పైపు తగిలించి బాడీ కిందకి పైకెత్తి కట్టారు. దానికి డబ్బులు అడగలేదు.

నేనేమో వెళ్లేటప్పుడే నిర్ణయించుకుని వెళ్లాను, 5.38 తీసేసి 4.10 నిష్పత్తి సెట్టు వేయించాలి, హైవే మీద హాయిగా పోవాలి అని. ఆయన బండిలో ఎంత బరువు వేస్తారని అడిగారు. చెప్పాను. సిద్ధాంతం వంతెన లోడుతో ఏ గేరులో ఎక్కుతున్నారని అడిగారు. అదీ చెప్పాను. "అయితే 4.88 వేద్దామండీ, 4.10 వేస్తే వంతెన మీద గేరు దింపుకుంటూ నన్ను తిట్టుకుంటారు" అన్నారు. అంటే క్రౌన్‌కి 39 పళ్లు, పినియన్‌కి 8. గంటసేపు వాదించాను. 4.10 సెట్టు ఆయన దగ్గరే ఉంది, దాని ధర ఎక్కువ కూడా, అంటగట్టి పంపేయొచ్చు, అయినా వద్దన్నారు. 5.38 తీసిన డిఫరెన్షియల్ కేసులోనే (క్రౌన్ బిగించే గుండు) ఈ రెండింట్లో ఏదైనా కూర్చుంటుంది, కాబట్టి కేసు మార్చే ఖర్చు లేదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త, ముందు యాక్సిల్ కూడా అదే నిష్పత్తికి మార్చకపోతే గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేసినప్పుడు ముందూ వెనకా ఒకదాన్నొకటి లాక్కుని ఏదో ఒకటి విరుగుతుంది.

చక్రాలు బిగించే హబ్బులు ఊడదీయడంలోనే మేస్త్రీ ఎలాంటివాడో తెలిసిపోతుంది. మా యాక్సిల్ షాఫ్టు చివర శంకువులా సన్నబడి ఉంటుంది, దాని మీద హబ్బు కీ అనే ఇనుప ముక్కతో గట్టిగా కూర్చుంటుంది. దాన్ని బయటికి లాగడానికి పుల్లర్ కావాలి. చాలాచోట్ల షాఫ్టు చివర సుత్తితో నాలుగు బాదుతారు, మర పోతుంది, లోపలి బేరింగులకీ దెబ్బే. ఈయన దగ్గర లేత్ షాపులో చేయించుకున్న మందపాటి పుల్లర్ ఉంది, బిగించి, చివర ఒక్క దెబ్బ, ఠప్పుమని వచ్చేసింది. ఎడమవైపు మాత్రం రాలేదు, పుల్లర్ బిగించి రాత్రంతా వదిలేసి ఇంటికెళ్లిపోయారు, పొద్దున్నకి దానంతటదే వదిలిందట.

ఇక అసలు పని, కొలతలు. పినియన్ వెనకా, క్రౌన్ పక్కలా షిమ్ములు (సన్నటి రేకు బిళ్లలు) వేసి, తీసి, మళ్లీ వేసి, నాలుగుసార్లు బిగించి విప్పారు. డయల్ గేజ్ పెట్టి క్రౌన్‌ని చేత్తో ఇటూ అటూ ఆడించి పళ్ల మధ్య ప్లే చూశారు, చివరికి 0.18 మిల్లీమీటర్లు వచ్చింది. మరీ తక్కువైతే వేడెక్కి పట్టేస్తుంది, 0.25 దాటితే టకటకలాడుతుందని చెప్పారు. తర్వాత పళ్లకి రంగు పూసి తిప్పి, ఆనిన గుర్తు ఎక్కడ పడిందో నాకు చూపించారు. మొదటిసారి గుర్తు పంటి అంచుకి పోయింది, నా కంటికి బాగానే ఉంది, ఆయన మాత్రం మొత్తం మళ్లీ విప్పేశారు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ఒళ్లు మండింది, అప్పటికి ఆరో రోజు.

అవును, టైము. నాలుగు రోజులన్నారు, పదకొండు రోజులు పట్టింది. మధ్యలో బేరింగులు విజయవాడ ఆటోనగర్ నుంచి రావాలని రెండు రోజులు, ఎవరిదో పెళ్లని ఒక రోజు, వరి కోతలొచ్చి ట్రాక్టర్లు వరసకట్టాయని ఇంకో రెండు రోజులు. ఫోన్ ఎత్తరు. వెళ్లి కూర్చుంటేనే పని నడుస్తుంది, కూర్చుంటే మాత్రం టీ ఇప్పిస్తారు. బిల్లు ఇవ్వరు, సిగరెట్ పెట్టె వెనక రాసిచ్చారు: సెట్టు 11,000, బేరింగులు, సీళ్లు 4,200, ఆయిల్ 700, కూలి 6,000. కూలి మా వైపు రేటుకి ఎక్కువే. మొదటి చోట 2,500 తీసుకున్నారు, అది ఎంత చవకో ఇప్పుడు లెక్కేసుకుంటున్నాను.

ఇంకో రెండు ఫిర్యాదులున్నాయి. పది రోజులకి పినియన్ సీలు దగ్గర ఆయిల్ చెమ్మ కనిపించింది. తీసుకెళ్తే తప్పు మాదేనని ఒప్పుకుని మార్చారు, డబ్బు తీసుకోలేదు, కానీ మళ్లీ ఒక రోజు పోయింది. రెండోది, స్పీడోమీటర్ సంగతి అస్సలు చెప్పలేదు. మా బండికి స్పీడోమీటర్ కేబుల్ ముందు గేర్‌బాక్స్ వైపు నుంచి వస్తుంది, వెనక నిష్పత్తి తగ్గితే అది తక్కువ చూపిస్తుంది. ముల్లు 54 దగ్గర ఉంటే బండి నిజంగా అరవైలో పోతోంది. ఫోన్ జీపీఎస్‌తో పోల్చుకుని నేనే కనిపెట్టాను. అడిగితే "అది తెలిసిందే కదండీ" అన్నారు. మాకెలా తెలుస్తుందండీ!

కొత్త సెట్టు వేశాక మొదట పాతిక, ముప్పై కిలోమీటర్లు మెల్లగా నడిపి చల్లారనిమ్మన్నారు, ఎనిమిది వందల కిలోమీటర్ల దాకా లోడు వెయ్యొద్దన్నారు, 200 తిరిగాక హబ్బు నట్లు మళ్లీ బిగించుకోవడానికి రమ్మన్నారు. అన్నీ పాటించాను. ఇప్పటికి రెండు వేలు దాటింది. మూలుగు లేదు. అరవైలో ఇంజను 2,200 లోపే ఉంటోంది, అమ్మ పక్కన కూర్చుని మామూలు గొంతుతో నన్ను తిట్టగలుగుతోంది. మొన్న నిండా కాయతో సిద్ధాంతం వంతెన టాప్ గేరుకి ఒక గేరు కిందే ఎక్కింది, ముందు కూడా అంతే ఎక్కేది. 4.10 విషయంలో ఆయన మాటే నెగ్గింది, చెప్పడానికి ఇంకా వెళ్లలేదు.

మార్కులంటే పనికి ఐదుకి ఐదు, టైముకి ఒకటి. డ్రమ్ములు ఎలాగూ ఊడదీశారు కదా, హ్యాండ్‌బ్రేక్ కూడా చూడమని రెండుసార్లు చెప్పాను. చూడలేదు. గట్టు మీద ఆపితే ఇప్పటికీ చక్రం కింద కొబ్బరి దుంగ ముక్కే పెడుతున్నాను.