డ్రాయింగ్ పంపితే మిషన్ ఫైల్ చేసిస్తానని గ్రూపుల్లో తిరిగే ఆయనతో జాగ్రత్త

నిన్న సాయంత్రం నాలుగున్నరకు నా షాపులో ఒక టేకు తలుపు పాడైంది. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, దేవుడి గది తలుపు. చెక్కకే 14 వేలు పెట్టాను. జాయింట్ చేసి, ప్లేన్ పట్టి, సాండింగ్ చేసిన మూడు రోజుల పని వేరే. రాత్రంతా నిద్ర లేదు. ఇంకొకరికి ఇలా జరగకూడదని పొద్దున్నే కూర్చొని రాస్తున్నాను.

కంప్యూటర్‌తో నడుస్తూ చెక్క మీద డిజైన్లు చెక్కే మన రూటర్ మిషన్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకు అతనెవరో చెప్పక్కర్లేదు. "డ్రాయింగ్ పంపండి, రెండు గంటల్లో మీ మిషన్‌కు రెడీ ఫైల్" అని పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పోస్టు పెడుతుంటాడు. పేరు, నంబరు ఇక్కడ రాయను. చదివేవాళ్లకు అర్థమవుతుంది.

సంగతి ఇదీ. మాది నల్గొండలో చిన్న షాపు. నాలుగడుగులు, ఎనిమిదడుగుల బెడ్ ఉన్న రూటర్, మాక్3 అనే మిషన్ నడిపే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. నకిరేకల్ నుంచి ఒక సారు వచ్చారు, రిటైరైన టీచరు. కొత్తింట్లో దేవుడి గదికి తలుపు కావాలన్నారు. వాళ్ల ఆర్కిటెక్టు గీసిచ్చిన డిజైన్ తెచ్చారు, కంప్యూటర్‌లో గీసిన డీడబ్ల్యూజీ ఫైలు, కొలతలన్నీ అంగుళాల్లో. చుట్టూ గీతల బోర్డరు, మధ్యలో ఎనిమిది రేకుల తామర, దాని కింద లత. వచ్చే శుక్రవారం గృహప్రవేశం. ఫైళ్లు చేసిపెట్టే మా పిల్లగాడు పెళ్లికని ఊరెళ్లాడు. నాకు మిషన్ నడపడం వచ్చు, చెక్క పని వచ్చు, డ్రాయింగ్‌ను జీకోడ్‌గా, అంటే మిషన్ చదివే ఆదేశాలుగా, మార్చడం అంత బాగా రాదు. అందుకే మొన్న సాయంత్రం ఇతనికి మెసేజ్ పెట్టాను. 2,500 అడిగాడు. మొత్తం ముందే కావాలన్నాడు, వెంటనే ఫోన్‌పే చేశాను. అడిగిన వెంటనే ఇవ్వడం నా మొదటి తప్పు.

మొదటి ఫైలు రాత్రి తొమ్మిదికి వచ్చింది. మిషన్‌లో తెరిస్తే తలుపు వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 84. అరచేతిలో పట్టే తలుపు. 36 అంగుళాలంటే 914.4 మిల్లీమీటర్లు రావాలి. అతను డ్రాయింగ్‌ను ఆర్12 డీఎక్స్‌ఎఫ్ అనే పాత రకం డ్రాయింగ్ ఫైలుగా సేవ్ చేసి, దాన్నుంచి టూల్‌పాత్, అంటే కోసే బిట్ నడవాల్సిన దారి, చేశాడు. ఆర్12లో అంకె ఉంటుంది గానీ అది అంగుళమా మిల్లీమీటరా అన్నది రాసి ఉండదు. ఫైలు తీసుకునేవాడు అడిగి తెలుసుకోవాలి, లేదా డ్రాయింగ్‌లో ఒక్క కొలత చూసుకోవాలి. అతను రెండూ చేయలేదు. చెప్తే "సారీ అన్నా, స్కేల్ మిస్సయింది" అని అరగంటలో 25.4 రెట్లు పెంచి పంపాడు. ఆ అరగంటలోనే నాకు అర్థం కావాల్సింది. కొలత చూడకుండా పంపేవాడు ఇంకేమైనా చూస్తాడా? కానీ శుక్రవారం నెత్తి మీద ఉంది. సారు రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నారు. మనసుకు సర్దిచెప్పుకున్నాను.

అసలు విషయం మిషన్ గురించి. నేను అతనికి మొదటి మెసేజ్‌లోనే రాశాను, "మాది మాక్3 అన్నా" అని. రెండో ఫైలు అడిగినప్పుడు మళ్లీ రాశాను. "ఓకే అన్నా, మాక్3 పోస్ట్ పెట్టే ఇస్తా, నిశ్చింతగా ఉండండి" అని జవాబిచ్చాడు. పోస్ట్ అంటే జీకోడ్‌ను ఒక్కో మిషన్‌కు తగ్గట్టు రాసిచ్చే సెట్టింగు. ఈ జవాబు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

నిన్న మధ్యాహ్నం భోజనం చేసొచ్చి పలక బిగించాను. నాలుగు పక్కలా క్లాంపులు. చెక్కకు నొక్కు పడకుండా ఎడమ క్లాంపు కింద ఎర్ర గుడ్డ మడిచి పెట్టాను. 6 మిల్లీమీటర్ల బిట్, లోతు 5. ఫైలు లోడ్ చేసి జీరో పెట్టి స్టార్ట్ కొట్టాను. బోర్డరు అద్దంలా వచ్చింది. గీత గీతకూ టేకు వాసన. ఇరవై నిమిషాల్లో చుట్టూ బోర్డరు అయిపోయింది. సంతోషం ఆగక ఫోటో తీసి అతనికే పంపాను, "బాగా వస్తోంది అన్నా, థాంక్స్" అని.

తర్వాత బిట్ తామర దగ్గరికి వచ్చింది. మొదటి రేకు కింద దిగింది. చిన్న వంపు తిరగాల్సింది, తిరగలేదు. ఎడమకు మళ్లి అలాగే పోయింది. చెక్క మీద పొడుగ్గా, విల్లులా వంగిన గాడి పడుతూ పోతోంది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. ఏదో లెక్క ప్రకారమే పోతోందేమోనని ఒక్క క్షణం ఆగాను. ఆ ఒక్క క్షణం ఆగకపోతే బోర్డరైనా మిగిలేది. నేను ఎమర్జెన్సీ బటన్ మీద చెయ్యి వేసేలోపే బోర్డరును అడ్డంగా కోసుకుంటూ వెళ్లి ఎడమ క్లాంపును కొట్టింది. బిట్ విరిగి గోడకు తగిలింది. చూస్తే దాదాపు అడుగున్నర గాడి, 5 మిల్లీమీటర్ల లోతు. తామర ఉండాల్సిన చోట మొదలై బోర్డరు దాటి అంచు దాకా ఉంది.

ఎందుకిలా జరిగిందో రాత్రి బాలానగర్‌లో మిల్లింగ్ పని చేసే మా బావమరిది చెప్పాడు. ఫైలును ఫోన్‌లోనే తెరిచి ఐదు నిమిషాల్లో పట్టుకున్నాడు. వంపు తిరగమని చెప్పే జీ2, జీ3 లైన్లలో ఐ, జే అని రెండు అంకెలుంటాయి. వంపుకు కేంద్రం ఎక్కడో అవి చెబుతాయి. మా మిషన్ సెట్టింగు ప్రకారం బిట్ ఇప్పుడున్న చోటు నుంచి కేంద్రం ఎంత దూరమో రాయాలి. కొన్ని మిషన్లకు జీరో మూల, అంటే కొలతలు మొదలయ్యే చోటు, నుంచి కేంద్రం ఎంత దూరమో రాయాలి. లెక్కలు రెండూ సరైనవే, కానీ ఒక మిషన్‌కు రాసింది ఇంకో మిషన్‌కు పెడితే నాశనమే. బావమరిది ఒక ఉదాహరణ వేసి చూపించాడు. బిట్ ఎక్స్ 450, వై 1000 దగ్గర ఉంది. కేంద్రం కుడి పక్కన 20 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. మా మిషన్‌కు ఐ20 జే0 అని రాయాలి. జీరో మూల నుంచి లెక్కేస్తే అదే ఐ470 జే1000 అవుతుంది. అతని ఫైలులో లెక్కంతా ఇలా రెండో రకంలో ఉంది. మా మిషన్ దాన్ని చదివి, కేంద్రం 470 మిల్లీమీటర్లు పక్కకు, 1000 మిల్లీమీటర్లు పైకి ఉందనుకుంది. 20 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో తిరగాల్సిన వంపు 1105 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో తిరిగింది. బోర్డరంతా నిలువు, అడ్డం గీతలే కాబట్టి అక్కడ తేడా రాలేదు. మొదటి వంపు రాగానే బయటపడింది. ఫైలు మొదట్లో, జీరో మూల నుంచి లెక్కేయమని చెప్పే జీ90.1 అని ఒక్క లైను ఉన్నా మా మిషన్ దాన్ని సరిగ్గానే చదివేది. అదీ లేదు. అంటే మాక్3 పోస్ట్ అసలు పెట్టనే లేదు. ఇంకెవరిదో మిషన్‌కు పెట్టిన సెట్టింగుతోనే నాది కూడా తీసి పంపాడు.

ఇప్పుడు నన్ను ఇంకా కాలుస్తున్న సంగతి చెప్తాను. తలుపు పాడవడం కంటే ఇదే ఎక్కువ బాధగా ఉంది.

బిట్ విరగ్గానే అతనికి ఫోన్ చేశాను. గొడవ పెట్టుకోవాలని కాదు. ఫైలు సరిచేసి పంపితే ఇంకో పలక తెచ్చుకుందామని. "అన్నా, వంపు దగ్గర మిషన్ ఎటో పోయింది, తలుపు పాడైంది" అన్నాను. "నా సిమ్యులేషన్‌లో బానే ఉంది. మీ సెట్టింగ్ తప్పయ్యుంటుంది" అన్నాడు. "మాది మాక్3 అని రెండుసార్లు చెప్పాను కదన్నా" అన్నాను. "మిషన్ నడపడం రానోళ్లు మిషన్లు ఎందుకు కొంటారండి?" అన్నాడు. మా నాన్న వడ్రంగి. ఆయన చేతి కింద పదమూడేళ్లు, మిషన్ మీద ఆరేళ్లు పనిచేశాను. అంత మాట ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. అయినా మింగి, "మాక్3 పోస్ట్ పెట్టి ఇస్తానని మీరే రాశారు" అన్నాను. "ఎక్కడ రాశాను? చూపించండి" అన్నాడు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి చాట్ తెరిచాను. పైకి జరుపుతున్నాను. నా కళ్ల ముందే అతని మెసేజ్‌లు ఒక్కొక్కటే పోతున్నాయి. "ఓకే అన్నా" పోయింది. "స్కేల్ మిస్సయింది" పోయింది. "మాక్3 పోస్ట్ పెట్టే ఇస్తా" అన్నది నేను చూస్తుండగానే పోయింది, దాని చోట డిలీట్ చేశారన్న బూడిద రంగు లైను వచ్చింది. అవతల మాట్లాడుతూనే ఉన్నాడు. గొంతులో ఏ తేడా లేదు. "దొరికిందా అండీ?" అని అడిగాడు. నా మెసేజ్‌లు మాత్రం మిగిలాయి, ఎవరూ జవాబివ్వని మాటల్లా. "మాది మాక్3 అన్నా" అన్నది ఉంది. దాని కింద ఆ బూడిద రంగు లైను తప్ప ఏమీ లేదు. "అది మీరు రాసుకున్నది. నేను ఒప్పుకున్నట్టు ఎక్కడుంది?" అన్నాడు. కరెక్షన్ కావాలంటే ఇంకో 800 వేయమన్నాడు. వేయనన్నాను. ఫోన్ పెట్టేసి బ్లాక్ చేశాడు.

ఫోన్ చేసే ముందే స్క్రీన్‌షాట్ తీసుకోవాల్సింది. అంత తెలివి నాకు లేకపోయింది.

రాత్రి సారుకు ఫోన్ చేసి చెప్పలేక రమ్మన్నాను. వచ్చారు. ఏమీ అనలేదు. కళ్లద్దాలు పెట్టుకొని ఆ గాడి మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా మెల్లగా తడిమారు. "ఇది పూడ్చొచ్చా?" అని అడిగారు. చెక్కపొడి, జిగురు పెట్టి పూడ్చి పాలిష్ వేస్తే బయటివాళ్లకు కనపడకపోవచ్చు. కానీ దేవుడి గదికి అతుకు తలుపు ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. కొత్తది నా ఖర్చుతోనే చేసిస్తానని చెప్పాను. శుక్రవారానికల్లా ఇస్తాను. ఎట్లా ఇస్తానో నాకూ తెలియదు, కానీ ఇస్తాను.

నా తప్పు ఇంకొకటి చెప్పాలి, లేకపోతే ఇది రాసి లాభం లేదు. ఫైలు లోడ్ చేయగానే మాక్3 స్క్రీన్ మీద టూల్‌పాత్ బొమ్మ వస్తుంది. డిజైన్ అంతా చిన్నగా ఒక మూలకు కనిపించింది, చుట్టూ ఏవో పెద్ద పెద్ద వంపులు. జూమ్ సరిగా లేదేమో అనుకున్నాను. ఆ వంపులే ఇవి. ఒక్క నిమిషం ఆగి చూసుంటే తలుపు దక్కేది. మిషన్ నాది, స్టార్ట్ నొక్కిన వేలు నాది. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అతను చేసిన పనికి డబ్బు తీసుకున్నాడు, చేస్తానని మాటిచ్చాడు, ఆ మాటను నేను చూస్తుండగానే చెరిపేశాడు. దీన్ని మాత్రం వదిలిపెట్టను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ఫోన్‌పే రసీదు, ఫైళ్లు రెండూ దాచాను. ఫైలును మాత్రం అతను డిలీట్ చేయలేడు, అది నా కంప్యూటర్‌లో ఉంది.

ఎవరి దగ్గర ఫైలు చేయించుకున్నా జీకోడ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి పది లైన్లు చూడండి. జీ21 ఉంటే మిల్లీమీటర్లు, జీ20 ఉంటే అంగుళాలు. మాక్3 వాళ్లు ఐజే మోడ్, అంటే ఐ, జే అంకెలను ఎక్కడి నుంచి లెక్కేయాలో చెప్పే సెట్టింగ్, చూసుకోండి. జీ90.1 గానీ, బిట్ ఉన్న చోటు నుంచి లెక్కేయమనే జీ91.1 గానీ ఫైల్లో ఉందా, మీ సెట్టింగ్‌తో కలుస్తుందా అని. చెక్క మీద పెట్టే ముందు జడ్, అంటే బిట్ ఎత్తు, పైకెత్తి గాలిలో ఒకసారి నడపండి, లేదా థర్మాకోల్ మీద. డబ్బు సగం ముందు, సగం మిషన్ మీద నడిచాక. మాట ఏదిచ్చినా అప్పుడే స్క్రీన్‌షాట్. డీఎక్స్‌ఎఫ్ కూడా అడిగి తీసుకోండి, వట్టి జీకోడ్ తీసుకుంటే రేపు ఏదీ సరిచేసుకోలేం.

ఇదంతా ఈ రోజే రాయడానికి కారణం ఒకటుంది. పొద్దున ఆరింటికి గ్రూపు తెరిస్తే అతని కొత్త పోస్టు కనిపించింది. "నిన్నటి పని, కస్టమర్ ఫుల్ హ్యాపీ" అని ఒక ఫోటో పెట్టాడు. టేకు పలక, దాని మీద నాలుగు పక్కలా గీతల బోర్డరు, మధ్యలో ఇంకా ఏమీ చెక్కలేదు. నేను నిన్న సంతోషంతో పంపిన ఫోటోనే. కింద నలుగురు రేటు అడుగుతున్నారు. ఆ నలుగురికీ ఈ పోస్టు పంపుతున్నాను. మీకూ ఆ ఫోటో కనపడితే ఎడమ పక్క క్లాంపు చూడండి. కింద ఎర్ర గుడ్డ మడిచి ఉంటుంది. అది నా షాపు, అది పాడైన తలుపు.