విజయవాడ అరండల్‌పేటలో బోర్డు లేని బైండింగ్ షాపు - పాత పుస్తకాలున్నవాళ్ళు తప్పకుండా వెళ్ళండి

విజయవాడలో బైండింగ్ షాపులకి కొదవ లేదు, పబ్లిషర్లు చాలామంది ఇక్కడే ఉన్నారు కాబట్టి ప్రెస్సున్న ప్రతి సందులోనూ ఒక బైండర్ ఉంటాడు, కానీ వాళ్ళకి కావాల్సింది వెయ్యి కాపీల పని, మనం ఒక్క పాత పుస్తకం చేతిలో పట్టుకుని వెళ్తే "తర్వాత రండి" అంటారు. అందుకే ఈ షాపు గురించి రాస్తున్నా. ఏలూరు రోడ్డు మీంచి అరండల్‌పేట లోపలికి తిరిగితే ప్రెస్సులున్న సందులో మేడ మీద గది, బోర్డు లేదు, కింద జిరాక్స్ షాపులో "పుస్తకాలు కుట్టే బాబాయ్ ఎక్కడ" అని అడిగితే చూపిస్తారు. ఒక పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్ళు, ఒక కటింగ్ మిషన్, ఒక చేతి ప్రెస్సు, అంతే షాపు.

నేను ఇచ్చింది మామూలు పుస్తకాలు కాదు, అది ముందు చెప్పాలి. మా మావయ్య తెనాలి వైపు గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరయ్యాడు, ఆయనకి ఒకటే పిచ్చి, చరిత్రలో ఉండి కూడా ఎవరికీ పెద్దగా తెలియని మనుషుల గురించి ఎక్కడ ఏ చిన్న పుస్తకం వచ్చినా, పాత పత్రికలో రెండు పేజీల వ్యాసం వచ్చినా దాచేవాడు. రాజులవీ, పెద్ద నాయకులవీ ఆయన దగ్గర లేవు, అవి అందరింట్లోనూ ఉంటాయిగా అనేవాడు. ఇప్పుడవన్నీ నా దగ్గరున్నాయి. పేజీ ముడితే అప్పడంలా విరుగుతోంది, పిన్నులు తుప్పు పట్టి చుట్టూ కాగితం తినేశాయి, కొన్నిటికి అట్టలు లేవు. చాలావాటికి మళ్ళీ అచ్చు రాలేదు, ఇవి పోతే నాకు ఇంకో కాపీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. పైగా మార్జిన్ల నిండా మావయ్య పెన్సిల్ రాతలు, "ఈ సంవత్సరం తప్పు, ఫలానా శాసనం చూడు" లాంటివి.

అంతకుముందు వేరే చోట ఒక పుస్తకం ఇచ్చాను, పేరు చెప్పను, వాళ్ళు మూడు వైపులా మిషన్ మీద పెట్టి నున్నగా కోసి, వీపుకి గమ్ పూసి, మెరిసే రెగ్జిన్ అట్ట వేసి ఇచ్చారు. చూడ్డానికి కొత్తగా ఉంది. తెరిస్తే మార్జిన్ రాతలన్నీ సగానికి తెగిపోయి ఉన్నాయి, పాత అట్ట అడిగితే చెత్తలో వేశామన్నారు. ఆ అట్ట వెనకే పుస్తకం అచ్చేసిన ప్రెస్సు పేరు, వెల, సంవత్సరం ఉండేవి. ఇలాంటి పుస్తకాలకి అవే ఆధారం. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

ఇక్కడ బాబాయ్ చేసిన మొదటి పని పుస్తకం టేబుల్ మీద పడుకోబెట్టి పేజీలు ఒక్కోటీ తిప్పడం. తిప్పుతూ పేజీ నెంబర్లు లెక్కపెట్టుకుని, ఎక్కడ పేజీ లేదో, ఎక్కడ ఫారం (కలిపి మడిచి కుట్టే పేజీల కట్ట) తారుమారైందో నాతోనే ఒక చీటీ మీద రాయించారు, "ఇచ్చేటప్పుడు ఇలాగే ఉందమ్మా, తర్వాత మాట రాకూడదు" అని. తర్వాత తుప్పు పిన్నుల్ని గుంజకుండా, సన్నటి రేకు లోపలికి దూర్చి కాళ్ళు నిటారుగా చేసి బయటికి తీశారు. చిరిగిన మడతల మీద పల్చటి టిష్యూ, మైదా జిగురులో మైలుతుత్తం కలిపి అంటిస్తారు, పురుగు పట్టకుండా. ఫారాలు విడివిడిగా దారంతో కుట్టి, కుట్లన్నీ నాడాలకి కట్టి, చేతి ప్రెస్సులో రాత్రంతా బిగించి ఉంచుతారు. మిషన్ మీద కోయడం మాత్రం లేదు, అంచులు వంకరగా ఉంటే వంకరగానే వదిలేస్తారు. పాత అట్ట సగమే మిగిలినా దాన్ని కొత్త అట్ట లోపలి వైపు అంటించి ఇస్తారు. వీపుకి కాలికో గుడ్డ, పక్కలకి మామూలు కాగితం, దీన్నే హాఫ్ కాలికో అంటారు, నాకైతే రెగ్జిన్ కన్నా ఇదే నచ్చింది, చెమట చేత్తో పట్టుకున్నా జారదు, పుస్తకం టేబుల్ మీద పెడితే పూర్తిగా తెరుచుకుంటుంది.

ఇంకో విషయం, ఆయన కుట్టేటప్పుడు చదువుతారు. కావలి సోదరుల మీద వ్యాసాలున్న పాత పత్రికల కట్ట చూసి "ఎవరమ్మా వీళ్ళు, నెల్లూరు కావలి వాళ్ళా" అని అడిగారు. కాదు, కావలి వాళ్ళ ఇంటిపేరు. కావలి వెంకట బొర్రయ్య 1776లో ఏలూరులో పుట్టాడు. ఇరవై ఏళ్ళకే కల్నల్ కాలిన్ మెకంజీ దగ్గర చేరాడు. ఆ మెకంజీ స్కాట్లండ్‌లోని లూయిస్ దీవి మనిషి, సర్వేయర్, అమరావతి స్తూపాన్ని 1797లో వచ్చి చూసి బయటి ప్రపంచానికి చెప్పిందీ ఆయనే, 1815లో ఇండియా మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యిందీ ఆయనే. ఆయనకి మన భాషలు రావు. టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు సర్వే జరుగుతుంటే ఊళ్ళ వెంట తిరిగి, కరణాల్ని, పూజారుల్ని మంచి చేసుకుని, శాసనాలు చదివి నకళ్ళు తీయించింది బొర్రయ్య. సంస్కృతం, తెలుగు, ఇంగ్లీషు వచ్చు. 1803లో చనిపోయాడు, ముప్పై కూడా నిండలేదు. ఆ తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని భుజానికెత్తుకున్నాడు. ఇవాళ మనం ఊరి చరిత్ర రాసుకోవాలంటే ముందు తిరగేసే కైఫీయతులు, అంటే ఊళ్ళ వారీగా రాయించిన చరిత్రలు, 8,000 పైచిలుకు శాసనాల నకళ్ళు, అన్నిటి మీదా మెకంజీ పేరే ఉంటుంది. మెకంజీ మాత్రం ఒక ఉత్తరంలో తను ఈ దేశపు విజ్ఞానంలోకి అడుగుపెట్టింది ఒక బ్రాహ్మడి పరిచయంతోనే అని రాసుకున్నాడు, ఆ మాట బొర్రయ్య గురించే.

నాకు కోపం తెప్పించేది దీని తర్వాత కథ. మెకంజీ 1821లో చనిపోయాడు, లక్ష్మయ్య ఆ పని నేను పూర్తి చేస్తానని కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వాళ్ళని 1830ల్లో అడిగితే అంత పనికి నీ అర్హత సరిపోదని తోసిపుచ్చారు. పాతికేళ్ళకి పైగా ఆ పనే చేసిన మనిషిని! మూడో ఆయన రామస్వామి ఇంకో మార్గం పట్టాడు, మన కవుల జీవితాలు ఇంగ్లీషులో రాసి 1829లో కలకత్తాలో అచ్చు వేయించాడు. ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు, ఏలూరు మనకి గంటన్నర దూరం, అక్కడ కూడా ఎంతమందికి ఈ పేర్లు తెలుసో. బాబాయ్ ఇదంతా విని ఏమీ అనలేదు, ఆ కట్ట వీపు మీద "కావలి సోదరులు" అని గోల్డ్ అక్షరాలు వేసి ఇచ్చారు, నేను అడగలేదు, డబ్బులూ తీసుకోలేదు.

భండారు అచ్చమాంబ గారి పుస్తకం విషయంలో కూడా చాలా జాగ్రత్తగా చేశారు. పేజీలు బాగా ఎర్రబడ్డాయి, దారం లాగితే చిరిగేలా ఉంటే, ప్రతి ఫారం మడత దగ్గరా టిష్యూ వేసి ఆ పైన కుట్టారు. తెలుగులో మొదటి కథ అంటే అందరూ గురజాడ దిద్దుబాటు అంటారు, అది 1910. అచ్చమాంబ గారి "ధన త్రయోదశి" 1902లోనే హిందూసుందరి పత్రికలో వచ్చింది. 1874లో పుట్టింది, నందిగామ పెనుగంచిప్రోలు ప్రాంతం, అంటే మన పక్కనే. బడి మొహం చూడలేదు, చిన్నప్పుడే పెళ్ళి చేశారు, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు వాళ్ళింట్లోనే ఉండి చదువుకుంటుంటే ఆ పిల్లాడితో పాటు కూర్చుని నేర్చుకుంది, తెలుగు, హిందీ, మరాఠీ, ఇంకా వేరే భాషలు కూడా. పిల్లలు పుట్టి పోయారు. అంత దుఃఖంలోనూ ఆవిడ చేసిన పని ఏంటంటే దేశం మొత్తం మీద చరిత్రలో ఉన్న ఆడవాళ్ళ జీవితాలు వెతికి రాయడం, "అబలా సచ్చరిత్ర రత్నమాల". ఆడవాళ్ళు తెలివితక్కువవాళ్ళు అనేవాళ్ళకి వాదనతో కాకుండా ఒక్కొక్క మనిషి జీవితం చూపించి జవాబు చెప్పింది. మచిలీపట్నంలో స్త్రీ సమాజం పెట్టింది, ఊళ్ళు తిరిగి మాట్లాడింది. 1905లో పోయింది, ముప్పై ఏళ్ళ వయసు. తమ్ముడు పుస్తకాలు అచ్చు వేసే విజ్ఞానచంద్రికా మండలి పెట్టి పెద్ద పేరు తెచ్చుకున్నాడు, ఆయనంటే నాకు చాలా గౌరవం, కానీ అక్క పేరు చెప్తే "ఎవరూ" అని అడిగే పరిస్థితి ఉండకూడదు కదా.

షాపులో చిన్న కుర్రాడికి మాత్రం వీటన్నిటికన్నా నచ్చింది పడవ లైబ్రరీ. గ్రంథాలయోద్యమం కాగితాల్లో అది చూసి "పడవలో లైబ్రరీనా మేడం, నిజమేనా" అని పని ఆపేసి మరీ అడిగాడు. నిజమే. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా కాలవ మీద తిరిగే పడవల్లో పుస్తకాలు పెట్టించారు. అప్పట్లో కాలవ ప్రయాణం అంటే గంటలకి గంటలు, ఎక్కినవాళ్ళకి ఇంకేం పనుంటుంది, చదువుకుంటారు, చదువు రానివాళ్ళు పక్కవాడు చదివితే వింటారు. ఎవడికొచ్చిందో ఈ ఆలోచన అని ఆశ్చర్యపోవడం కాదు, జనం ఎక్కడుంటే అక్కడికి పుస్తకం వెళ్ళాలని ఆ మనిషి నిజంగా నమ్మాడు. ఇప్పుడు ఆ కాలవ పక్కన కార్లో వెళ్ళిపోతాం, ఒక బోర్డు కూడా నా కంటికి కనబడలేదు.

అదే కట్టలో అయ్యంకి వెంకట రమణయ్య గారి మీద వ్యాసం ఉంది. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరగడానికి కారకుల్లో ముఖ్యుడు ఆయన, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. 1919 నవంబర్ 14న మద్రాసులో దేశం మొత్తం గ్రంథాలయాలవాళ్ళని కూడగట్టి సభ పెట్టించిందీ ఆయనే. ఏటా నవంబర్ 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు చేసేది అందుకే, స్కూళ్ళలో పిల్లలు అది నెహ్రూ గారి పుట్టినరోజు కాబట్టి అనుకుంటారు. నేను టీచర్ని, మా స్టాఫ్‌రూమ్‌లో చెప్తే ఎవరూ నమ్మలేదు, బైండ్ చేసిన పుస్తకం పట్టుకెళ్ళి చూపించాను.

నాగార్జునకొండ ప్రాముఖ్యాన్ని 1926లో గుర్తించిన ఎ.ఆర్. సరస్వతి గురించి మావయ్య దగ్గర ఉన్నది ఒక్క కాగితమే. మద్రాసు శాసన పరిశోధన ఆఫీసులో తెలుగు అసిస్టెంట్. తవ్వకాలంటే లాంగ్‌హర్స్ట్ పేరు చెప్తారు, అంతకుముందే వెళ్ళి చూసి ఇక్కడ పాత కట్టడాలున్నాయని గుర్తించిన మనిషి పేరు ఎవరికీ తెలీదు. ఆ ఒక్క కాగితానికి కూడా బాబాయ్ రెండు వైపులా టిష్యూ వేసి, విడిగా చిన్న ఫోల్డర్ కుట్టి ఇచ్చారు.

ఇప్పుడు ఇబ్బందులు. టైముకి ఇవ్వరు, ఇది ఖాయం. స్కూల్ పుస్తకాల సీజన్‌లో అసలు ఇవ్వద్దు, చెప్పిన తేదీకి రెండింతలు పడుతుంది, ఫోన్ ఎత్తరు, మెట్లెక్కి వెళ్ళి అడగాల్సిందే. మెట్లు నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి. బిల్లు ఇవ్వరు, చీటీయే బిల్లు. గోల్డ్ అక్షరాలు ఒకే సైజులో ఉంటాయి, పేరు పెద్దదైతే వీపు మీద పట్టదు. ఫోన్ పే ఉంది. రేటు పుస్తకం సైజుని బట్టి, దాని పరిస్థితిని బట్టి రెండొందల నుంచి ఐదొందల దాకా అయ్యింది నాకు, గమ్ బైండింగ్ కన్నా ఎక్కువే, కానీ ఒక్కో పుస్తకం మీద ఆయన కూర్చునే టైము చూస్తే నాకు తక్కువనిపించింది. స్కానింగ్ చేయరు, అది కావాలంటే దారం విప్పి ఉన్నప్పుడే, కుట్టక ముందే, మీరు ఫోన్‌తో ఫోటోలు తీసుకోవచ్చు, అడిగితే లైటు వేసి ఇస్తారు, పేజీలు చదునుగా వస్తాయి కాబట్టి అదే మంచి సమయం. నేను అన్నీ అలాగే తీసుకున్నా.

మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే, ముఖ్యంగా మీ ఊరి మనిషి ఎవరి గురించైనా పాత చిన్న పుస్తకం ఉంటే, రబ్బరు బ్యాండు వేసి అటక మీద పెట్టకండి, రబ్బరు కరిగి కాగితానికి అంటుకుంటుంది, సెల్లో టేప్ అసలే వద్దు, బాబాయ్ దాన్ని తీయడానికే ఎక్కువ తిట్టుకుంటారు. గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళండి. ఆదివారం సెలవు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా భోజనానికి ఇంటికెళ్తారు. తీసుకునేటప్పుడు చీటీ ముందు పెట్టుకుని పేజీలు అక్కడే లెక్క చూసుకోండి, ఆయనేం అనుకోరు, కుర్చీ కూడా వేస్తారు.